కన్జర్వేటివ్ సీట్లో ఓపెన్‌గా గే అభ్యర్థి గెలుస్తాడా? ఇది నేర్పే ఆన్‌లైన్ కోర్సు మీద నా రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తా, 5కి 3.5. ఇంకో అర మార్కు పడేదే కానీ మొదటి మాడ్యూల్ చూసి ఒళ్ళు మండింది, ఎందుకో కింద రాస్తా. కోర్సు పేరు మాత్రం రాయట్లేదు, తిట్టేవి కొన్ని ఉన్నాయి, చూస్తే చిన్న టీమ్‌లా ఉన్నారు, వాళ్ళ పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి కోర్సులు ఈమధ్య చాలానే కనిపిస్తున్నాయి కాబట్టి ఏది తీసుకున్నా లోపల ఏం ఉండాలో చూసుకుని తీసుకోడానికి పనికొస్తుందని రాస్తున్నా.

సంగతేంటంటే, గే అని ఓపెన్‌గా చెప్పుకున్న మనిషి బాగా సంప్రదాయంగా ఉండే ఏరియాలో ఎలక్షన్లో నిలబడితే గెలిచే ఛాన్స్ ఎంత, గెలవాలంటే అభ్యర్థి ఏం చెయ్యాలి, వెనకాల టీమ్ ఏం చెయ్యాలి, ఇదీ సబ్జెక్టు. రికార్డు చేసిన వీడియోలు, వీకెండ్ లైవ్ సెషన్లు, ఒక వర్క్‌బుక్, ఆఖర్లో మనమే ఒక నియోజకవర్గం తీసుకుని ప్రచారం ప్లాన్ రాసిస్తే వాళ్ళు దిద్ది పంపుతారు. నేను అభ్యర్థిని కాదు, ఎలక్షన్లప్పుడు సర్వేలు, బూత్ లెక్కలు చూసే పని నాది. బ్యాచ్‌లో నిజంగా నిలబడదామనుకునే వాళ్ళు కొంతమంది, మిగతా అంతా నాలాంటి వెనకాల పనిచేసే జనం.

ఇప్పుడు ఆ మొదటి మాడ్యూల్ గురించి. మొత్తం గెలిచినోళ్ళ ఫొటోల ఊరేగింపు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్ సిటీ మాజీ మేయర్ అనీస్ పార్కర్, కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ మాజీ మేయర్ జిమ్ గ్రే, లాత్వియా అధ్యక్షుడు ఎడ్గార్స్ రింకేవిచ్స్, సెర్బియా మాజీ ప్రధాని అనా బ్రనాబిచ్, ఒక్కో ఫొటో కింద ఆ రాష్ట్రమో దేశమో ఎంత కన్జర్వేటివో ఒక ముక్క, వెనకాల ఉత్సాహంగా మ్యూజిక్. చూసినోడికి ఓహో ఇంత ఈజీనా అనిపిస్తుంది. కానీ బూత్ లెక్కలు చూసేవాడెవడైనా మొదట అడిగేది ఒకటే కదా, రాష్ట్రం సంగతి సరే, సీటు సంగతేంటి? పార్కర్ 2009లో గెలిచినమాట నిజమే, టెక్సస్‌లో గే పెళ్ళిళ్ళు కుదరవని 2005లోనే రాజ్యాంగ సవరణకి ఓటేసిన రాష్ట్రం అన్నమాటా నిజమే, కానీ హ్యూస్టన్ సిటీ డెమోక్రాట్ల వైపు ఉండే సిటీ, ఆమె ఏమో 1997లో సిటీ కౌన్సిల్‌కి, 2003లో సిటీ లెక్కలు చూసే కంట్రోలర్ పదవికి ఎన్నికై, ఊరంతా పేరు తెలిసిన తర్వాత మేయర్‌కి వెళ్ళింది. జిమ్ గ్రే కూడా అంతే, లెక్సింగ్టన్‌లో 2010లో గెలిచాడు, మళ్ళీ గెలిచాడు, అదే మనిషి 2016లో మొత్తం కెంటకీ ముందుకు అమెరికా సెనేట్‌కి వెళ్తే రిపబ్లికన్ రాండ్ పాల్ చేతిలో దాదాపు 57కి 43తో ఓడిపోయాడు. కెంటకీలో ఆ ఏడాది డెమోక్రాట్ ఎవరు నిలబడ్డా ఓడేవాళ్ళే అనుకోండి, అందులో గే అన్న పాయింట్ ఎంతో విడదీసి చెప్పలేం, కానీ ఆ ఓటమి స్లైడ్‌లో లేకపోవడం ఏంటి? గెలుపు చూపించి ఓటమి దాచేస్తే అది ట్రైనింగ్ కాదు, యాడ్.

ఇంకా రింకేవిచ్స్. ఆయన 2011 నుంచి విదేశాంగ మంత్రి, 2014 నవంబర్‌లో ట్విట్టర్‌లో తాను గే అని చెప్పాడు, 2023లో అధ్యక్షుడయ్యాడు. గొప్ప విషయమే, ఎవరూ కాదనరు. కానీ లాత్వియాలో అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది పార్లమెంటు, జనం కాదు. బ్రనాబిచ్‌ని 2017లో ప్రధానిగా కూర్చోబెట్టింది అధ్యక్షుడు వూచిచ్, ఆమె అప్పటికి ఏ సీట్లోనూ ఇంటింటికీ తిరిగి ఓటు అడిగిన మనిషి కాదు. వీళ్ళని కన్జర్వేటివ్ ఓటర్లు గెలిపించిన అభ్యర్థుల లిస్టులో వేసేస్తే క్లాసులో కూర్చున్న పాతికేళ్ళ కుర్రాడు నమ్మేసి డిపాజిట్ పోగొట్టుకుంటాడు. లైవ్ సెషన్లో ఇదే అడిగా. "ఇన్‌స్పిరేషన్ కోసం పెట్టామండీ" అన్నారు. సరే.

స్ట్రైక్ రేట్ లెక్క కూడా ఇలాంటిదే. ఓపెన్‌గా గే అయిన అభ్యర్థులు మిగతావాళ్ళతో సమానంగా గెలుస్తున్నారు అని ఒక స్లైడ్. అమెరికా చట్టసభల మీద జరిగిన కొన్ని పరిశోధనల్లో దాదాపు అలాగే తేలింది, అందులో అబద్ధం లేదు. కానీ వాళ్ళు ఎక్కడ నిలబడ్డారో చూడాలి కదా, గెలిచే సీటు చూసుకుని, డబ్బులు జమయ్యాక, పార్టీ టికెట్ గ్యారంటీ అనుకున్నాకే ఎక్కువమంది దిగుతారు. గెలవలేని సీట్లో అసలు నామినేషనే వెయ్యని వాళ్ళు ఏ లెక్కలోకీ రారు. టికెట్ అడిగి, "మీరు మంచోరే కానీ ఈ ఏరియాకి కష్టం" అనిపించుకుని ఇంటికెళ్ళిపోయిన వాళ్ళు కూడా రారు. నా లెక్కలో అసలు ఎలక్షన్ అక్కడే, ఆ టికెట్ దగ్గరే అయిపోతుంది సగం సార్లు, ఓటరు దాకా రానే రాదు. కోర్సులో టికెట్ తెచ్చుకోవడం మీద ఉన్నది చాలా చిన్న వీడియో ఒకటి. దాని మీద ఒక మాడ్యూల్ మొత్తం ఉండాల్సింది.

ఇంత తిట్టాక కూడా 3.5 ఎందుకిచ్చానంటే రెండో మాడ్యూల్. ఇది మాత్రం ఎవరో పని తెలిసినోళ్ళు చేశారు. క్రాస్ ఓటింగ్ మీద. అంటే పెద్ద ఎలక్షన్లో కన్జర్వేటివ్‌కి ఓటేసిన వాళ్ళే అదే రోజు అదే బూత్‌లో గే అభ్యర్థికి ఎందుకేశారు అని. రెండే కేసులు తీసుకుని గింజ గింజ ఒలిచి చూపించారు.

మొదటిది బ్రెజిల్‌లో రియో గ్రాండే దో సుల్ రాష్ట్రం, ఎడువార్డో లైటే. 2018లో గవర్నర్‌గా గెలిచాడు, 2021 జులైలో టీవీ ఇంటర్వ్యూలో తాను గే అని చెప్పాడు, 2022లో మళ్ళీ పోటీ. మధ్యలో అధ్యక్ష పదవికి పోటీ చేద్దామని గవర్నర్ పదవికి రాజీనామా కూడా చేశాడు, అది కుదరక వెనక్కొచ్చాడు, ఇలాంటి పని చేసిన నాయకుణ్ణి జనం మామూలుగానే ఉతికేస్తారు, గే అవ్వాల్సిన పని లేదు. మొదటి రౌండ్లో రెండో స్థానం, మూడో స్థానంలో ఉన్న వామపక్ష వర్కర్స్ పార్టీ అభ్యర్థి మీద రెండున్నర వేల ఓట్ల లోపు తేడాతో బయటపడి రెండో రౌండ్‌కి వెళ్ళాడు. అవతల ఉన్నది అప్పటి దేశాధ్యక్షుడు, గట్టి కన్జర్వేటివ్ అయిన బొల్సొనారో మనిషి ఓనిక్స్ లొరెంజోనీ. ఆయన ప్రచారంలో మన రాష్ట్రానికి అసలైన ప్రథమ మహిళ వస్తుంది అన్న టైపు మాట వదిలాడు, ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలేలా. ఫలితం ఏమైంది? అదే రోజు అధ్యక్ష పదవికి ఆ రాష్ట్రం బొల్సొనారోకి సుమారు 56 శాతం వేసింది, గవర్నర్‌కి లైటేకి 57 శాతం. దేశంలో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక ఆ రాష్ట్రంలో గవర్నర్‌ని వరుసగా రెండోసారి ఎన్నుకోవడం అదే మొదలు.

ఇక్కడ ట్రైనర్ ఆగి ఒక ప్రశ్న వేసింది, ఈ ఓట్లు ఎక్కడివి? క్లాసంతా "మంచి మనసున్న కన్జర్వేటివ్‌లు" అన్నట్టు మాట్లాడారు. ఆమె ఒప్పుకోలేదు. సగం లెక్క ఏంటంటే మొదటి రౌండ్లో ఓడిన వర్కర్స్ పార్టీ ఓట్లు చచ్చినట్టు లైటే వైపు రావాల్సిందే, బొల్సొనారో మనిషికి వెయ్యలేరు కదా. మిగతా సగం, జీతాలు టైముకి ఇవ్వలేని స్థితిలో ఉన్న రాష్ట్ర ఖజానాని దారిలో పెట్టాడన్న పేరు, దాంతో వ్యాపారులు, మధ్య తరగతి జనం బొల్సొనారోకి వేసి కూడా ఇటు ఆయనకే వేశారు. అంటే ఓటరు మారిపోయాడని కాదు, ఓటరు దగ్గర ఆయన పాత లెక్క ఒకటి ఉంది, గే అన్న విషయం తెలిసేటప్పటికే ఆ లెక్క రాసేసుకున్నారు. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే సర్వేల్లో నేను చూసేది కూడా ఇదే, మనిషి తెలిశాక విషయం తెలిస్తే ఒక రకం, విషయం తెలిశాక మనిషి తెలిస్తే ఇంకో రకం.

రెండో కేసు విస్కాన్సిన్ సెనేటర్ టామీ బాల్డ్విన్. 1998లో అమెరికా పార్లమెంటులో దిగువ సభ అయిన హౌస్‌కి, 2012లో సెనేట్‌కి, అమెరికా సెనేట్‌కి ఎన్నికైన ఓపెన్‌గా గే అయిన మొదటి మనిషి ఆమే. 2024లో ట్రంప్ విస్కాన్సిన్‌ని సుమారు 29 వేల ఓట్లతో గెలిస్తే అదే రోజు డెమోక్రాట్ అయిన ఈమె రిపబ్లికన్ ఎరిక్ హోవ్‌డీ మీద ఇంచుమించు అంతే మెజారిటీతో గెలిచింది. ఎలా? ఇక్కడ మాడ్యూల్ నేరుగా పాల దగ్గరికి తీసుకెళ్తుంది. విస్కాన్సిన్ అంటే పాడి. బాదం పాలు, సోయా పాలు అని అమ్మేవాటి మీద అసలు పాలు అనే పేరు వాడకూడదని ఆమె 2017 నుంచి బిల్లు పెడుతూనే ఉంది, రైతులకి అది ప్రాణంతో సమానమైన విషయం. 2024లో విస్కాన్సిన్ ఫార్మ్ బ్యూరో తరపు కమిటీ ఆమెకి మద్దతు ప్రకటించింది, రాష్ట్రం మొత్తం మీద జరిగే పోటీలో వాళ్ళు డెమోక్రాట్‌కి మద్దతివ్వడం ఏళ్ళ తర్వాత. అవతలి వాళ్ళు ఆమె భాగస్వామి చేసే ఫైనాన్స్ ఉద్యోగం మీద యాడ్లు వేశారు, పెద్దగా అంటుకోలేదు. గమనించండి, వాళ్ళు కూడా నేరుగా గే అని కొట్టలేదు, ఉద్యోగం పేరుతో భాగస్వామిని తెర మీదకి తెచ్చారు. ఇప్పుడు దాడులు ఎక్కువ ఇలా పక్క గుమ్మంలోంచే వస్తాయి, ఇది రాసి పెట్టుకోండి అని ట్రైనర్ చెప్పింది, నేను రాసుకున్నా.

మూడో మాడ్యూల్ ఇంటింటి ప్రచారం, లైవ్‌లో రోల్ ప్లే. ట్రైనరే పెద్దావిడ ఓటరు వేషం, బ్యాచ్‌లో ఒక్కొక్కరం అభ్యర్థి. తలుపు తీసింది, పలకరింపులు అయ్యాయి, "ఒక్కడివే వచ్చావేం బాబూ, మీ ఆవిడ రాలేదా?" అంది. మొదటి అబ్బాయి నీళ్ళు నమిలి, తర్వాత సమానత్వం గురించీ హక్కుల గురించీ ఒక ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఆమె ఏమీ అనకుండా కెమెరా ఆఫ్ చేసేసింది. తలుపు మూసేసినట్టు అన్నమాట. క్లాసంతా నవ్వు, ఆ అబ్బాయి కూడా నవ్వాడు కానీ మొహం ఎర్రబడింది. రెండో అతను "నాకు ఆవిడ లేదమ్మా, ఆయన ఉన్నాడు, స్కూల్లో లెక్కలు చెప్తాడు, ఇవాళ పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాడు, అవునూ మీ వీధిలో నీళ్ళు ఇలా ఎన్నాళ్ళ నుంచి నిలబడుతున్నాయమ్మా?" అని గబగబా అనేశాడు. మాకందరికీ భలే చెప్పాడనిపించింది. ఆమె మాత్రం కెమెరా ఆన్‌లోనే ఉంచి, వేషం పక్కన పెట్టి, "మాటలు బాగున్నాయండీ, కానీ నీళ్ళ దగ్గరికి అంత తొందరగా ఎందుకు పరిగెత్తారు? ఆయన ఉన్నాడు అన్నాక ఆగండి, రెండు సెకన్లు ఆవిడ మొహం చూడండి, ఆవిడ ఏదైనా అనాలనుకుంటే అననివ్వండి, మీరు టాపిక్ మార్చేస్తే మీకే సిగ్గుగా ఉందని ఆవిడకి అర్థమవుతుంది" అంది. ఆ ఒక్క ముక్క కోసం కోర్సు డబ్బులు ఇచ్చినా తప్పులేదు నన్నడిగితే. ఆ తర్వాత చాలాసేపు మేమంతా ఆ రెండు సెకన్లు ఆగడమే ప్రాక్టీస్ చేశాం, చెప్పుకోడానికి సిల్లీగా ఉంటుంది, చేస్తుంటే చాలా కష్టం.

ఇదే మాడ్యూల్లో వర్జీనియాలో డానికా రోమ్ కేసు కూడా ఉంది, 2017, ఆమె ట్రాన్స్ మహిళ, పాతికేళ్ళుగా ఆ సీట్లో పాతుకుపోయిన, ట్రాన్స్ జనం తమకి నచ్చిన బాత్‌రూమ్ వాడకుండా ఆపే బిల్లు పెట్టిన బాబ్ మార్షల్‌ని ఓడించింది, ప్రచారమంతా రూట్ 28 ట్రాఫిక్ జామ్ మీదే. బాగా తెలిసిన కథే కాబట్టి ఎక్కువ రాయను. కానీ ఆ ఏరియా అప్పటికే రంగు మారుతూ ఉంది, కొత్త జనం వచ్చి చేరారు, ట్రాఫిక్ ఒక్కటే గెలిపించిందని నమ్మకండి.

సర్వేల మాడ్యూల్ మీద నేను కొంచెం ఎక్కువ రాస్తా, నా ఫీల్డ్ కదా ఓర్చుకోండి. గాలప్ అనే సర్వే సంస్థ లెక్క చూపించారు, గే అభ్యర్థి అధ్యక్ష పదవికి నిలబడితే ఓటేస్తారా అని అమెరికాలో అడిగితే 1978లో వేస్తామన్నది 26 శాతం, 2019లో 76 శాతం. నలభై ఏళ్ళలో పెద్ద మార్పే. కానీ ఈ ప్రశ్నకి జనం చెప్పే జవాబుకీ, తెర వెనక నొక్కే బటన్‌కీ మధ్య దూరం ఎంతో ఎవరు చెప్పాలి? ఎదురుగా కూర్చున్న సర్వే పిల్లాడికి "నాకు గే అంటే పడదు" అని చెప్పడానికి చాలామందికి మొహమాటం. ఇంకో రకం ఉన్నారు, వీళ్ళు ఇంకా డేంజర్, "నాకేం ఇబ్బంది లేదండీ, కానీ మిగతా జనం ఒప్పుకోరు, వేస్ట్ ఎందుకని" అంటారు. అలా అనేవాళ్ళు నియోజకవర్గంలో సగం ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకుండానే అభ్యర్థి ఓడిపోతాడు. టికెట్ ఇచ్చే పార్టీ పెద్దలు కూడా సరిగ్గా ఇదే మాట అంటారు.

దీనికి మా ఫీల్డ్‌లో ఒక పద్ధతి ఉంది, కోర్సులో కూడా చెప్పారు, బాగా చెప్పారు. శాంపిల్‌ని రెండు సగాలు చేస్తారు. ఒక సగానికి నాలుగు విషయాల లిస్టు ఇచ్చి వీటిలో మీకు ఇబ్బంది అనిపించేవి ఎన్ని అని నంబర్ మాత్రమే అడుగుతారు, ఏవో చెప్పక్కర్లేదు. ఇంకో సగానికి అవే నాలుగు, వాటికి తోడు ఐదోది, గే అభ్యర్థి మీ ప్రతినిధి అవ్వడం. రెండు గ్రూపుల సగటు తేడా చూస్తే ఎంత శాతానికి నిజంగా ఇబ్బందో తెలుస్తుంది, ఏ ఒక్కరి జవాబూ బయటపడదు. వినడానికి సింపుల్, చెయ్యడానికి శాంపిల్ చాలా పెద్దది కావాలి, లేకపోతే ఎర్రర్ ఎక్కువై ఏ నంబరూ నమ్మలేం, చిన్న నియోజకవర్గానికి ఖర్చు తట్టుకోలేం. ఆ ఖర్చు సంగతి కోర్సులో చెప్పలేదు, నేను చెప్తున్నా. దానికన్నా అభ్యర్థి పేరు, వయసు, ఉద్యోగం, ఇలాంటివి మార్చి మార్చి జంటలుగా చూపించి ఎవరికి వేస్తారని అడిగే పద్ధతి మేలు. గాబ్రియేల్ మాన్యీ, ఆండ్రూ రేనాల్డ్స్ అనే ఇద్దరు ఇలాగే అమెరికా, బ్రిటన్, న్యూజీలాండ్‌లో చేసి 2021లో పబ్లిష్ చేశారు, గే అభ్యర్థికి మూడు చోట్లా కొంత నష్టం ఉంది, ట్రాన్స్ అభ్యర్థికి ఇంకా ఎక్కువ, ఆ నష్టం కూడా అందరి దగ్గరా సమానంగా కాదు, మతం పట్టింపు ఎక్కువున్నవాళ్ళ దగ్గరా కన్జర్వేటివ్‌ల దగ్గరా పోగుపడి ఉంది. మన సబ్జెక్టుకి ఇదే కదా అసలు పాయింట్, పోగుపడి ఉన్న చోటే మనం పోటీ చేస్తున్నాం.

తర్వాత మాడ్యూల్ దాడులని ఎదుర్కోవడం. యావరేజ్. ఇందులో 1983 బర్మాండ్సీ లేకపోవడం నాకు మింగుడుపడలేదు. లండన్‌లో లేబర్ పార్టీకి కంచుకోట లాంటి సీటు, కూలీలు, రేవు పనివాళ్ళు ఉండే ఏరియా, ఉప ఎన్నికలో లేబర్ అభ్యర్థి పీటర్ టాచెల్. ఆయన గే అన్నది పేపర్లన్నీ రాసేస్తున్నాయి, పార్టీ వాళ్ళేమో దాని గురించి మాట్లాడకు అన్నారు, ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. సొంత పార్టీ పాత వర్గం ఇంకో అభ్యర్థిని నిలబెట్టి వెకిలి పాటలు పాడుకుంటూ వీధుల్లో తిరిగింది. ఆఖరికి 44 శాతం స్వింగ్‌తో సీటు లిబరల్ పార్టీ సైమన్ హ్యూస్‌కి పోయింది. ఆ హ్యూస్ 2006లో తనకి మగవాళ్ళతో కూడా సంబంధాలు ఉండేవని ఒప్పుకుని అప్పటి ప్రచారానికి సారీ చెప్పాడు. ఈ కేసులో ఉన్నన్ని పాఠాలు కోర్సు మొత్తంలో లేవు. చెప్పీ చెప్పకుండా మధ్యలో వేలాడటం అన్నిటికన్నా అధ్వాన్నం, దాచేవాడు అన్న ముద్ర పడుతుంది, పైగా ఓపెన్‌గా చెప్పుకున్నవాడికి దొరికే గౌరవం కూడా దక్కదు.

దీనికి పూర్తి రివర్స్ ఇంగ్లాండ్‌లోనే 1997 ఎక్సెటర్ సీటు, ఇది మాత్రం కోర్సులో ఉంది. బెన్ బ్రాడ్‌షా ఓపెన్‌గా గే, ప్రత్యర్థి కన్జర్వేటివ్ పార్టీ ఏడ్రియన్ రోజర్స్ గే వ్యతిరేకతనే ప్రచారంగా పెట్టుకున్న మనిషి, బ్రాడ్‌షా ఆ సీటుని కన్జర్వేటివ్‌ల దగ్గర్నుంచి లాక్కున్నాడు, 2024 దాకా ఆయనదే. ట్రైనర్ దీన్ని ధైర్యానికి దక్కిన గెలుపుగా చెప్పింది. కొంత అవ్వచ్చు, కానీ ఆ ఏడాది లేబర్ నాయకుడు టోనీ బ్లెయిర్ గాలి ఎలా వీచిందో తెలియనిదెవరికి, ఆ గాలిలో లేబర్‌కి కలలో కూడా రాని సీట్లు వచ్చాయి. గాలి మన వైపు ఉన్న ఏడాది నిలబడటం కూడా ఒక స్ట్రాటజీయే, సిగ్గుపడాల్సిన పనేం లేదు, అలాగని చెప్పెయ్యాలి అంతే.

వర్క్‌బుక్‌లో ఒక చాప్టర్ నాకు నిజంగా కళ్ళు తెరిపించింది, మనిషికి ఓటు వేరు, విషయానికి ఓటు వేరు అని. మళ్ళీ హ్యూస్టనే. పార్కర్‌ని 2009, 2011, 2013 మూడుసార్లు మేయర్‌గా గెలిపించిన సిటీ, ఆమె తెచ్చిన వివక్ష వ్యతిరేక సిటీ చట్టాన్ని 2015 నవంబర్‌లో జనం నేరుగా ఓటేసే రెఫరెండంలో 61 శాతంతో కొట్టేసింది, ఆడవాళ్ళ బాత్‌రూముల్లోకి మగాళ్ళు దూరతారన్న ఒకే ఒక్క ప్రచారంతో. సిటీ అదే, అప్పటికి మేయర్‌గా ఇంకా ఆమే ఉంది. బాగా పనిచేసే మనిషి అని ఒప్పుకున్నవాళ్ళే ఆమె వర్గానికి చట్టం అనగానే వెనక్కి తగ్గారు. దీన్నిబట్టి అభ్యర్థి తన విషయం ఓపెన్‌గా పెట్టి, ప్రచారం మాత్రం రోడ్లు నీళ్ళ మీద చెయ్యాలా అంటే, గెలవడానికి అయితే అవును. కానీ అలా గెలిచినోళ్ళు రేపు చట్టం తెస్తే వెనక ఎవరుంటారు? బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇదే అడిగింది, సెషన్ టైము దాటినా దీని మీద వాదన ఆగలేదు, తేలనూ లేదు. తేలకపోవడమే కరెక్ట్ అని నా ఫీలింగ్.

పోలండ్ మీద ఉన్న వీడియో చిన్నదైనా నీట్‌గా ఉంది. రాబర్ట్ బియెద్రోన్ 2011లో పార్లమెంటుకి, 2014లో స్వూప్‌స్క్ అనే మీడియం సైజు టౌన్‌కి మేయర్‌గా నేరుగా జనం ఓట్లతో గెలిచాడు. అప్పుల్లో మునిగిన మునిసిపాలిటీ, సగంలో ఆగిపోయిన వాటర్ పార్క్, ఆయన ఆ అప్పుల సంగతి చూసుకున్నాడు. అదే మనిషి 2020లో దేశాధ్యక్ష పదవికి నిలబడితే వచ్చింది 2.2 శాతం. ఒక టౌన్లో మనిషిని రోజూ చూస్తారు, దేశం మొత్తానికి టీవీలో ఒక లేబుల్‌గా కనిపిస్తాడు, పైగా 2019 నుంచి అక్కడ కొన్ని స్థానిక కౌన్సిళ్ళు ఎల్జీబీటీ భావజాలానికి మా దగ్గర చోటు లేదని తీర్మానాలు చేస్తున్న టైము. మూడో పార్టీ అభ్యర్థి కష్టాలు కూడా ఉన్నాయనుకోండి అందులో.

దక్షిణాసియాకి ఇచ్చింది ఒకే ఒక్క స్లైడ్, అదీ కలగాపులగం. నేపాల్‌లో సునీల్ బాబు పంత్ 2008లో రాజ్యాంగ సభకి వచ్చాడు, ఓపెన్‌గా గే, కానీ పార్టీకి వచ్చిన ఓట్ల వాటాని బట్టి తీసుకునే పార్టీ లిస్టు ద్వారా, నేరుగా సీట్లో కాదు. ఛత్తీస్‌గఢ్ రాయగఢ్‌లో 2015లో మధు బాయి కిన్నర్ ఇండిపెండెంట్‌గా మేయర్ అయింది, ఆమె ట్రాన్స్ మహిళ. ఈ రెండూ ఒకే బుల్లెట్ కింద వేసేశారు. హిజ్రాలు తరతరాలుగా జనానికి కనబడుతున్న వాళ్ళు, వాళ్ళకంటూ సమాజంలో ఒక చోటు, ఆ చోటుతో పాటు బోలెడు చులకన కూడా ఉన్నాయి, కుటుంబం లేదు కాబట్టి ఎవరికోసం తింటారు అని అవినీతి మీద కోపంతో ఓటేసిన వాళ్ళు ఉన్నారు. గే అభ్యర్థిది అసలు అలాంటి కథే కాదు, అతను పక్కింటి అబ్బాయి లాగే ఉంటాడు, పెళ్ళి ఎప్పుడు అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. ఈ తేడా తెలియనోళ్ళు ఆ స్లైడ్ చేశారు.

టెక్నికల్‌గా చెప్పాలంటే వీడియో క్లారిటీ బాగుంది, సబ్‌టైటిల్స్ మెషీన్ వేసినవి, పేర్లన్నీ ఖూనీ, పోలిష్ పేర్లయితే చదివి నవ్వుకోవాల్సిందే. మొబైల్లో వర్క్‌బుక్ ఓపెన్ అవుతుంది కానీ ఫారాలు నింపలేం, లాప్‌టాప్ కావాలి. సపోర్ట్‌కి మెయిల్ పెడితే మర్యాదగా జవాబిస్తారు, నిదానంగా. క్విజ్‌లు మరీ చిన్నపిల్లల లెవెల్. ఆఖర్లో మన ప్లాన్ దిద్ది పంపుతారన్నా కదా, అది మాత్రం సూపర్, నా ప్లాన్లో బూత్‌ల వారీ లెక్క చూసి "ఈ పది బూత్‌ల మీద డబ్బు పెట్టకండి, ఇక్కడ మీకు ఓట్లు రావు, అవతలి వాళ్ళు అసలు ఓటేయడానికి రాకుండా ఉంటే చాలు, కాబట్టి వాళ్ళని రెచ్చగొట్టకండి" అని రాశారు. కటువుగా ఉంది, కానీ గ్రౌండ్‌లో పనిచేసినోళ్ళు రాసే మాట అది.

ఎవరు తీసుకోవచ్చంటే, ప్రచారం టీమ్‌లో ఉన్నవాళ్ళు, బూత్ స్థాయి పని తెలిసినవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. తానే నిలబడదామనుకునే వాళ్ళు తీసుకోండి కానీ మొదటి మాడ్యూల్ వదిలేసి రెండోదాంతో మొదలెట్టండి, లేకపోతే అనవసరమైన ధీమా ఎక్కుతుంది. ఊరికే ఈ టాపిక్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి దండగ, ఆ వీడియోల్లో ఉన్న కథలు బయట ఫ్రీగా దొరుకుతాయి, డబ్బులు పెట్టాల్సింది ఆ రోల్ ప్లేకీ, ప్లాన్ దిద్దించుకోడానికీ. లైవ్ సెషన్ల రికార్డింగ్ ఇవ్వరు, రోల్ ప్లేలో జనం సొంత విషయాలు చెప్పుకుంటారు కాబట్టి అది సబబే, అందుకని వీకెండ్లు ఖాళీ ఉంచుకోగలిగితేనే చేరండి. ఓడిపోయిన అభ్యర్థుల మీద ఒక మాడ్యూల్, టికెట్ సంపాదించడం మీద ఇంకోటి కావాలని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశా, వచ్చే బ్యాచ్‌కి చూస్తామన్నారు. పెడితే ఇక్కడే అప్‌డేట్ చేస్తా, అప్పుడు రేటింగ్ కూడా మారుస్తా.